ఎడారి గోల్ఫ్ కోర్సులో చలికాలపు గడ్డి: బెర్ముడాను చంపుకోకుండా రై విత్తడం ఎలా?

ఆగస్టు నడుస్తుండగానే ఫీనిక్స్ నుంచి, దుబాయ్ నుంచి, దోహా నుంచి కోర్సుల్లో పనిచేసే మనవాళ్లు అడిగేవి రెండే: ఓవర్‌సీడింగ్ (వేసవి గడ్డి బెర్ముడా మీదే చలికాలపు రై గడ్డి విత్తడం) ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత విత్తనం పోయాలి? రెండింటికీ జవాబు కింద ఉంది. అయితే నవంబరులో పచ్చగా కనిపించినంత మాత్రాన పని బాగా జరిగినట్టు కాదు. వచ్చే జూన్‌లో కిందున్న బెర్ముడా లేచి నిలబడిందా లేదా అన్నదే అసలు లెక్క. విత్తనం మోతాదు దగ్గర్నుంచి మోవర్ ఎత్తు దాకా ప్రతి నిర్ణయం ఆ జూన్‌ను దృష్టిలో పెట్టుకుని తీసుకోండి.

సంగతి క్లుప్తంగా ఇదీ. ఎడారి కోర్సుల్లో వేసవి గడ్డి బెర్ముడా. మన గరిక జాతిదే, సంకరం చేసి సన్నని ఆకు వచ్చేలా తయారుచేసింది. మట్టి చల్లబడి 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వస్తే రంగు పోయి నిద్రలోకి జారుతుంది. ఆటగాళ్లు ఎక్కువగా వచ్చేదేమో సరిగ్గా ఆ నెలల్లోనే. అందుకని దాని మీదే రై గడ్డి విత్తుతారు. ఇక్కడి తేదీలు అరిజోనాలోని ఫీనిక్స్–స్కాట్స్‌డేల్ ప్రాంతానివి. గల్ఫ్‌లో ఏమేం మారతాయో చివర్లో ఉంది.

ఎక్కడ వేయాలో ముందు తేల్చుకోండి

కోర్సంతా విత్తాలన్న నియమం లేదు. టీలు (మొదటి దెబ్బ కొట్టే చోట్లు), ఫెయిర్‌వేలు (టీ నుంచి గ్రీన్ దాకా పొట్టిగా కోసిన దారి) చాలు. రఫ్‌ను (ఫెయిర్‌వే పక్కన పొడవుగా వదిలే గడ్డిని) గోధుమరంగులోనే వదిలేస్తే చలికాలపు నీళ్లు, డీజిల్ మిగులుతాయి, అక్కడి బెర్ముడాకు పోటీ ఉండదు. ఆకుపచ్చ ఫెయిర్‌వే పక్కన గోధుమరంగు రఫ్ చూడ్డానికి కూడా బాగానే ఉంటుంది. మేనేజరు రఫ్ కూడా వేయాల్సిందే అంటే చదరపు మీటరుకు 35–45 గ్రాములు మించొద్దు.

గ్రీన్లు (బంతి పడాల్సిన గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) బెంట్‌గ్రాస్ అనే చలి రకం గడ్డివైతే వాటి మీద ఒక్క రై గింజ కూడా పడకూడదు. అల్ట్రాడ్వార్ఫ్ (మరీ పొట్టి రకం) బెర్ముడా గ్రీన్లయితే రెండు దారులు: పోవా ట్రివియాలిస్ అనే సన్న చలికాలపు గడ్డి చల్లడం, లేదా విత్తకుండా ఆకుపచ్చ పిగ్మెంట్ (రంగు) కొట్టడం. వసంతంలో తలనొప్పి వద్దనుకుంటే పిగ్మెంటే మేలు.

కావలసినవి

- పెరెన్నియల్ (బహువార్షిక) రై విత్తనం. ట్యాగ్ మీద మొలక శాతం 90కి, స్వచ్ఛత 98కి తగ్గకూడదు. కలుపు గింజల వరుసలో పోవా ఆన్యువా లేదని రాసి ఉండాలి. చవకని యాన్యువల్ (ఏకవార్షిక) రై కొనకండి. ముతకగా, పాలిపోయిన రంగులో పెరిగి రోజూ కోయిస్తుంది.
- నారుకుళ్లు రాకుండా మెఫెనోక్సామ్ పట్టించిన విత్తనమైతే మంచిది. రంగు పూసిన ఆ గింజల్ని చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి. ఖాళీ సంచుల్ని ఇంటికి తీసుకెళ్లి బియ్యానికో పప్పుకో వాడకండి.
- రోటరీ స్ప్రెడర్ (గింజల్ని చుట్టూ విసిరేది), అంచులకు డ్రాప్ స్ప్రెడర్ (నేరుగా కిందికి వదిలేది).
- పదును పెట్టిన రీల్ మోవర్లు, వర్టికట్ యూనిట్ (నిలువు బ్లేళ్లతో ఎండు పీచు గీకేది), స్వీపర్, బ్లోయర్.
- మట్టి థర్మామీటరు, ఈసీ మీటరు (విద్యుత్ వాహకతను బట్టి ఉప్పు కొలిచేది), ఒకే సైజు ప్లాస్టిక్ గ్లాసులు పాతిక, 5 సెంటీమీటర్ల చదరంగా వంచిన గట్టి తీగ.
- ట్రినెక్సాపాక్–ఇథైల్ (గడ్డి ఎదుగుదల తగ్గించే మందు), భాస్వరం ఉన్న స్టార్టర్ ఎరువు.

విత్తనం మోతాదు, చదరపు మీటరుకు: ఫెయిర్‌వేకు 50–70 గ్రాములు, టీలకు 75–120, గ్రీన్ల మీద పోవా ట్రివియాలిస్ 40–60. ఫెయిర్‌వేకు 60 గ్రాముల చొప్పున హెక్టారుకు 600 కిలోలు. అమెరికాలో సంచి 50 పౌండ్లు, అంటే 22.7 కిలోలు. హెక్టారుకు 27 సంచులు పడతాయి. ‘కాస్త ఎక్కువ వేస్తే ఒత్తుగా వస్తుంది కదా’ అని 90 దాకా పోసేవాళ్లున్నారు. ఒత్తుగా వస్తుంది నిజమే. మొక్కలు సన్నబడి రోగం పట్టడం, మే నెలలో బెర్ముడాకు వెలుతురు అందకపోవడం కూడా దాంతోపాటే వస్తాయి.

1. ఆగస్టు: పాత మందుల లెక్క చూడండి

కలుపు మొలవకుండా వేసే ప్రోడయమిన్ లాంటి మందులు రై విత్తనాన్ని కూడా మొలవనివ్వవు. స్ప్రే రిజిస్టరు తీసి ఏ ఫెయిర్‌వేలో ఎప్పుడు కొట్టారో చూడండి, లేబుల్ మీద విత్తడానికి ఎంత గడువు చెప్పాడో సరిపోల్చండి. రిజిస్టరు మీద నమ్మకం లేకపోతే అనుమానం ఉన్నచోట నుంచి పై 5 సెంటీమీటర్ల మట్టి ఒక ట్రేలో, శుభ్రమైన ఇసుక ఇంకో ట్రేలో తీసుకోండి. రెండింటిలోనూ వందేసి గింజలు చల్లి తడిగా ఉంచండి. పది రోజుల తర్వాత ఇసుకలో మొలిచి మట్టిలో మొలవకపోయినా, మొలిచి వేళ్లు మొద్దుబారినా మందు ఇంకా పనిచేస్తోందన్నమాట. టన్నుల విత్తనం పోశాక ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు.

2. నీళ్లు సమానంగా పడుతున్నాయా?

మొలకలు రాలేదని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం విత్తనం తప్పు కాదు, స్ప్రింక్లర్ తప్పు. ఫెయిర్‌వేలో 20 గ్లాసులు సమదూరంలో పెట్టి 15 నిమిషాలు నీళ్లు వదలండి. అన్నిటి సగటు తీయండి. అతి తక్కువ నీళ్లు పడ్డ అయిదు గ్లాసుల సగటును దానితో భాగించండి. 0.7 కన్నా తక్కువొస్తే ముందు నాజిళ్లు, ఒత్తిడి, ఒరిగిన హెడ్‌లు సరిచేయాలి. 0.8 వస్తే నిశ్చింతగా ఉండొచ్చు.

ఇంకోటి. హెడ్ ఒక పూర్తి చుట్టు తిరగడానికి ఎంత పడుతుందో వాచీ పట్టుకుని చూడండి. చాలావాటికి మూడు నిమిషాల చిల్లర పడుతుంది. కంట్రోలర్‌లో రెండు నిమిషాలని పెడితే ఒక పక్క తడిసి ఒక పక్క ఎండిపోతుంది. సమయం ఎప్పుడూ పూర్తి చుట్లలోనే పెట్టాలి. పాలో వెర్దే చెట్లు, సగ్వారో కాక్టస్‌లు ఉన్న ఎడారి అంచున పూర్తి చుట్టు హెడ్‌లు ఉంటే ఇప్పుడే అర్ధచుట్టు హెడ్‌లు పెట్టించండి.

3. చౌడు కడగండి

ఎడారి నీళ్లలో, ముఖ్యంగా శుద్ధిచేసిన మురుగునీటిలో, ఉప్పు ఎక్కువ. వేసవంతా అది మట్టిలో పేరుకుంటుంది. పెరిగిన రై గడ్డి, తడి మట్టి నుంచి తీసిన నీటి ఈసీ మీటరుకు సుమారు 5.6 డెసీసీమెన్స్ దాకా తట్టుకుంటుంది. బెర్ముడా 6.9 దాకా ఓర్చుకుంటుంది. లేత మొలకకు అంత ఓపిక లేదు, పోవా ట్రివియాలిస్‌కు అసలే లేదు. ల్యాబ్ రిపోర్టులో 4 దాటితే విత్తే ముందే కడగాలి. 30 సెంటీమీటర్ల లోతు మట్టి గుండా 15 సెంటీమీటర్ల నీరు దిగితే సుమారు సగం ఉప్పు పోతుంది. ఒక్కసారే వదిలితే పారిపోతుంది. రాత్రిపూట విడతలుగా, మధ్యలో ఇంకడానికి టైమిచ్చి వదలండి. సోడియం కూడా ఎక్కువ ఉంటే ముందు జిప్సం వేసి ఆపైన కడగాలి. లేకపోతే నీరు కిందికి దిగదు.

4. నత్రజని ఆపండి

విత్తడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందే నత్రజని బంద్. అక్టోబరు మొదటి వారంలో విత్తాలనుకుంటే ఆగస్టు చివరి వేత ఆఖరిది. పొటాష్ వేసుకోవచ్చు. బెర్ముడా నెమ్మదించాలి గానీ నీరసించకూడదు.

5. గడ్డి దించడం

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. విత్తనం మట్టిని తాకాలని ఫెయిర్‌వేను నేల కనిపించేదాకా గీకేస్తారు. మట్టి తాకుతుంది, బెర్ముడా కాండాలూ పోతాయి. శీతాకాలం దాటడానికి అది దాచుకున్న తిండి ఆ కాండాల్లోనే ఉంటుంది.

కోసే ఎత్తు 12 మిల్లీమీటర్లయితే పది పన్నెండు రోజుల్లో మూడు రోజులకోసారి ఒక మిల్లీమీటరు చొప్పున 8కి దించండి. తర్వాత వర్టికట్ బ్లేళ్లు నేలను ముద్దాడేంత లోతులో ఒకే దిక్కున ఒకసారి నడపండి. బ్లేడ్ వెనక ఎండు పీచు రావాలి. తెల్లటి మందమైన కాండాలు ముక్కలుగా లేస్తున్నాయంటే లోతు ఎక్కువైంది, వెంటనే పైకెత్తండి. రేగిన చెత్తంతా స్వీపర్‌తో ఎత్తించాలి. చెత్త మీద పడ్డ గింజ మొలిచినా వేరు నేలకందదు.

ఈ పది రోజులూ నీళ్లు తగ్గించండి, పూర్తిగా ఆపొద్దు. నేల గట్టిపడి, యంత్రాల చక్రాలు దిగబడకుండా ఉంటే చాలు.

6. పీజీఆర్ (ఎదుగుదల తగ్గించే మందు)

విత్తడానికి ఒకటి నుంచి అయిదు రోజుల ముందు ట్రినెక్సాపాక్–ఇథైల్ లేబుల్ మోతాదులో కొట్టండి. మూడు నాలుగు వారాలు బెర్ముడా ఎదుగుదల ఆగి రైకి సందు దొరుకుతుంది. ఇది వాడితే లోతుగా గీకాల్సిన అవసరమే సగం తగ్గిపోతుంది.

7. విత్తడం

క్యాలెండర్ చూసి కాదు, రాత్రి ఉష్ణోగ్రత చూసి విత్తాలి. రాత్రులు 18–20 డిగ్రీలకు, పగళ్లు 35 కిందికి రావాలి. ఫీనిక్స్‌లో ఇది మామూలుగా సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా. తొందరపడితే వేడికి బెర్ముడా మళ్లీ లేస్తుంది, పిథియం తెగులు పట్టుకుంటుంది. పైగా అరిజోనాలో వానల కాలం సెప్టెంబరు 30 దాకా లెక్క. ఆఖరి గాలివాన ఒకటి పడితే విత్తనమంతా పల్లాల్లో కుప్పగా చేరుతుంది. ఆలస్యమైతే మొలక నెమ్మదించి డిసెంబరుకు పలచగా మిగులుతుంది.

విత్తనాన్ని రెండు సగాలు చేయండి. ఒక సగం పొడవునా, ఇంకో సగం అడ్డంగా. గాలి లేని పొద్దునపూట చల్లండి. అంచులు డ్రాప్ స్ప్రెడర్‌తో ముందే గీసుకోండి. రోటరీతో అంచులు వేస్తే గింజలు ఎడారిలోకీ బంకర్లలోకీ (ఇసుక గుంటల్లోకీ) పోతాయి.

సరిగ్గా పడిందో లేదో ఇలా చూడండి: గ్రాముకు రై గింజలు సుమారు 500. చదరపు మీటరుకు 60 గ్రాములంటే 5 సెంటీమీటర్ల తీగ చదరంలో 75 గింజల దాకా ఉండాలి. రెండు విడతలూ అయ్యాక పదిచోట్ల తీగ పెట్టి లెక్కించండి. 50 కన్నా తక్కువున్నచోట వెంటనే చేత్తో చల్లండి. వందకు పైగా ఉంటే స్ప్రెడర్ గేటు తగ్గించాకే తర్వాతి ఫెయిర్‌వేకు వెళ్లండి.

తర్వాత స్టీల్ మ్యాటో, బ్రష్షో లాగితే గింజలు గడ్డిలోకి దిగుతాయి. టీల మీద 2–3 మిల్లీమీటర్ల ఇసుక పరిస్తే ఇంకా మంచిది.

బెంట్‌గ్రాస్ గ్రీన్లున్న కోర్సులో ఆ రోజుల్లో ఒక కట్టడి పెట్టండి: విత్తిన చోట నడిచిన బూట్లతో, చక్రాలతో గ్రీన్ ఎక్కకూడదు. బ్రష్షు, బ్లోయర్ గ్రీన్ పక్కనే ఉండాలి. బూటు అడుగున ఇరుక్కున్న పది గింజలు చాలు, చలికాలమంతా చాకుతో తవ్వి తీయాల్సి వస్తుంది.

8. మొదటి పద్నాలుగు రోజుల తడి

రై 5 నుంచి 10 రోజుల్లో, పోవా ట్రివియాలిస్ 7 నుంచి 12 రోజుల్లో మొలుస్తుంది. అప్పటిదాకా పై సెంటీమీటరు ఆరకూడదు. పొద్దున 8కి మొదలుపెట్టి సాయంత్రం 5 లోపు ఆరు నుంచి ఎనిమిది తడులు, ఒక్కో తడికి ఒక్కటే పూర్తి చుట్టు. నీళ్లు నిలబడితే తడుల సంఖ్య కాదు, తడి నిడివి ఎక్కువైందని.

సాయంత్రం 5 తర్వాత నీళ్లు పెట్టొద్దు. రాత్రంతా తడి ఆకు, 20 డిగ్రీల పైన రాత్రి వేడి, రెండూ కలిస్తే పిథియం ఖాయం. తెల్లవారుజామున తిరగండి: ఆకులు నూనె రాసినట్టు నల్లబడి, మధ్యలో దూదిలాంటి తెల్లని దారాలు కనిపిస్తే అదే. ఆ మచ్చ మీదుగా మోవర్ పోనివ్వకండి, చక్రాలు దాన్ని గీతలు గీతలుగా మోసుకెళ్తాయి. తడులు తగ్గించి, లేబుల్ ప్రకారం తెగులు మందు కొట్టండి.

పదో రోజు నుంచి తడులు నాలుగుకు, పద్నాలుగో రోజుకు రెండుకు తగ్గించి నిడివి పెంచండి. భయంకొద్దీ తడులు తగ్గించకపోతే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. నాలుగో వారంలో ఒక రాత్రి లోతైన తడి ఒకటి ఇవ్వండి, చిన్న తడులతో పైన చేరిన ఉప్పు కిందికి పోతుంది.

9. ఎరువు, మొదటి కోత

మొలకలు పచ్చగా కనపడగానే స్టార్టర్ ఎరువు, నత్రజని లెక్కన చదరపు మీటరుకు 2.5 గ్రాములు. రెండు వారాలకు మళ్లీ అంతే.

గడ్డి 25 మిల్లీమీటర్లు పెరిగాక 18 దగ్గర కోయండి. ఇది రమారమి పది నుంచి పద్నాలుగో రోజున వస్తుంది. ఆకులు ఆరాక, మధ్యాహ్నం, తేలికపాటి మోవర్‌తో. కోసేముందు ఒక మొలకను పట్టుకుని మెల్లగా లాగండి. ఊడివస్తే ఇంకో రెండు రోజులాగండి. కోశాక ఆకు చివర చీరుకుపోయి తెల్లబడి ఉంటే రీల్ పదును పోయిందని అర్థం. ఫెయిర్‌వే మీద మలుపులు తిప్పకండి, రఫ్‌లోకి వెళ్లి తిరగండి. కార్టులు మూడు నాలుగు వారాలు దారి దిగకూడదు. కోత ఎత్తును 12–13కి దించడానికి నెల తీసుకోండి.

10. మొలవలేదా? చాకు మొనతో గింజ ఎత్తి చూడండి

గింజ గట్టిగా ఎలా పోశారో అలానే ఉంటే నీరు అందలేదు. ఉబ్బి, నొక్కితే గోధుమరంగు గుజ్జు వస్తే కుళ్లింది, నీళ్లెక్కువ. తెల్లటి వేరుమొన బయటికొచ్చి ఎండిపోయి ఉంటే మధ్యలో ఒక తడి తప్పింది. ఏ వాల్వ్ ఆ రోజు పనిచేయలేదో కంట్రోలర్‌లో వెతకండి.

ఖాళీ ఆకారం కూడా చెబుతుంది. నిలువు చారలు స్ప్రెడర్ తప్పు. వంపు తిరిగిన చారలు, హెడ్ చుట్టూ ఉంగరంలా ఎండిన వలయాలు నాజిల్ తప్పు. పల్లంలో తెల్లని పొరతో బోడిగా ఉంటే చౌడు, మళ్లీ విత్తేముందు కడగాల్సిందే. ఖాళీలకు పద్నాలుగో రోజున చదరపు మీటరుకు 30 గ్రాములు చల్లి రేక్ చేయండి. నవంబరు సగం దాటాక చల్లినదాని మీద ఆశలు పెట్టుకోవద్దు.

11. వసంతం: రైని సాగనంపడం

బెర్ముడా కోలుకోవాలంటే పోటీ లేకుండా ఏడాదికి సుమారు వంద రోజులు పెరగాలి. సెప్టెంబరు 10 నుంచి వెనక్కి లెక్కేస్తే జూన్ 1. అప్పటికి రై పోయి ఉండాలి. ‘పచ్చగానే ఉందిగా, వేడికి అదే పోతుందిలే’ అని జులై దాకా ఊరుకుంటే రై ఒక్కవారంలో ఎండుతుంది, కింద చూస్తే మట్టే.

మార్చిలో నత్రజని తగ్గించి, కోత ఎత్తును కొంచెం కొంచెంగా దించి, పైపైన వర్టికట్ చేస్తూ వెలుతురు లోపలికి పోనివ్వండి. ఏప్రిల్‌లో కప్ కట్టర్‌తో (గ్రీన్ మీద గుంత తీసే పరికరంతో) నాలుగైదు చోట్ల దిమ్మలు తీసి విప్పి చూడండి. తెల్లగా గట్టిగా ఉన్న కాండాలు, వాటి కణుపుల దగ్గర చిగుళ్లు ఉంటే బెర్ముడా బతికే ఉంది. కాండాలు గోధుమరంగులో బోలుగా ఉంటే అక్కడ జూన్‌లో సాడ్ (వేళ్లతో సహా తెచ్చే గడ్డి పలకలు) వేయాల్సి వస్తుందని ముందే బడ్జెట్ అడగండి.

రాత్రులు 18 డిగ్రీల పైన నిలకడగా ఉన్నాక, మే నెలలో, ఫోరామ్‌సల్ఫ్యూరాన్ లేదా ట్రైఫ్లాక్సీసల్ఫ్యూరాన్ అనే గడ్డి మందుతో రైని తీసేయొచ్చు. దిమ్మల్లో బెర్ముడా కనిపించని చోట కొట్టకండి, బోడి నేల మిగులుతుంది. బెంట్‌గ్రాస్ గ్రీన్ల ఎగువన కొడితే ఆ నీరు గ్రీన్‌లోకి పారి దాన్నీ మాడ్చేస్తుంది.

నీళ్లు ఆపేసి రైని ఎండబెట్టే పద్ధతి ఇంకా చాలాచోట్ల ఉంది. మానేయండి. దాహం బెర్ముడాకూ ఒకటే. రై తగ్గుతుండగానే చదరపు మీటరుకు 5 గ్రాముల నత్రజని, నిండా నీళ్లు ఇవ్వాలి. జూన్, జులైలలో హాలో టైన్ ఏరేషన్ (బోలు మేకులతో నేలకు రంధ్రాలు చేయడం), ఇసుక.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు

దుబాయ్‌లో అక్టోబరు రాత్రులు ఇంకా 24–25 డిగ్రీలు. రాత్రి 20కి దగ్గరపడేది నవంబరులో. గాలిలో తేమ వల్ల తెల్లవారేసరికి గడ్డంతా మంచు పట్టి ఉంటుంది కాబట్టి పిథియం గండం ఫీనిక్స్ కన్నా ఎక్కువ. మందు పట్టించని విత్తనం అక్కడ వాడొద్దు. పొద్దున మొదటి తడికి ముందు గొలుసు లాగి మంచు దులిపించండి.

మీ ఫెయిర్‌వే పాస్పాలం (ఉప్పును బాగా తట్టుకునే మరో వేసవి గడ్డి) అయితే విత్తే ముందు మరోసారి ఆలోచించండి. తీరప్రాంతపు తేలికపాటి చలికి అది పూర్తిగా నిద్రపోదు. ఇనుము స్ప్రేతో, కాస్త ఎరువుతో రంగు నిలుస్తుంది. రైని తీసేసే మందులు కొన్ని పాస్పాలాన్ని దెబ్బతీస్తాయి కూడా. ఏ మందైనా ఆ దేశంలో అనుమతి ఉన్నదేనా అని స్టోరులో అడిగి, లేబుల్ చదివి వాడండి.

శుద్ధిచేసిన మురుగునీరు పెడుతుంటే అందులోని నత్రజని లెక్కలోకి తీసుకోండి. నీటిలో లీటరుకు 10 మిల్లీగ్రాములుంటే, 500 మిల్లీమీటర్ల నీరు పెట్టేసరికి చదరపు మీటరుకు 5 గ్రాములు వేసినట్టే. ఎరువు అంత తగ్గించాలి. నాలుగో మెట్టులో నత్రజని ఆపానని మీరనుకున్నా పైపులోంచి అది వస్తూనే ఉంటుంది, అందుకే గల్ఫ్‌లో పీజీఆర్ వదలకూడదు. ఇక వేసవి ఏరేషన్ పనికి మనుషుల్ని వేసేటప్పుడు, ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం. షిఫ్టు తెల్లవారుజామున మొదలయ్యేలా చూసుకోండి.